బాతులు ఏ పేజీలో ఉన్నాయి?

నవంబరు 3, సోమవారం

మళ్ళీ అక్కడే ఆగింది. నాలుగు వేల చిల్లర ఫాలోవర్లు. పొద్దున లేవగానే చూశాను, పళ్ళు తోముకుంటూ చూశాను, షాపు షట్టరు ఎత్తి తాళం ఇంకా చేతిలో ఉండగానే చూశాను. ఎంతమంది వచ్చారో అంతమందీ పోయారు. పోయేవాళ్ళు ఎందుకు పోతున్నారో ఒక్క ముక్క చెప్పి పోకూడదా? షాపుకొచ్చే కస్టమరయితే కనీసం రేటెక్కువనో, రంగు నచ్చలేదనో అని పోతాడు.

మోటార్ల కంపెనీవాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ప్రతి పేజీ అడుగునా ఒక పంపుసెట్టు బొమ్మ. ఎవరికీ చెప్పుకోలేనివి ఇందులో రాద్దామని ఇవాళ తీశాను. ఇంట్లో ఇన్‌స్టా సంగతి ఎత్తితే మెహరాజ్, "ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండి" అంటుంది. షాపులో ఎత్తితే ఓనరు తిరుపతిరావు గారికి నవ్వు.

"గవర్నర్‌పేట మొత్తం మీద ఫ్యాన్లమ్మటంలో నిన్ను మించినోడు లేడు సోహైలూ. ఆ పుస్తకాల పిచ్చి నీకెందుకయ్యా?"

ఎందుకో నాకు తెలుసు. ఫ్యాను గురించి చెబితే జనం ఫ్యాను వంక చూస్తారు. పుస్తకం గురించి చెబితే నా వంక చూస్తారు.

నవంబరు 5, బుధవారం

నా పద్ధతి రాసిపెట్టుకుంటాను. రేపు పేరొచ్చాక ఎవరైనా అడుగుతారు.

మెహరాజ్ ఉయ్యూరు హైస్కూల్లో తెలుగు టీచరు. పోను గంట, రాను గంట బస్సులోనే గడుస్తుంది కాబట్టి దారంతా చదువుతుంది. సాయంత్రం బస్టాండులో నేను బండి మీద ఎక్కించుకుంటాను. వించిపేటలో మా ఇల్లు చేరేదాకా, వెనక కూర్చుని ఆ రోజు చదివింది చెబుతుంది. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. కథ మాత్రం తెలుగులోనే చెబుతుంది, చదివిన భాషలో చెబితేనే రుచట. హారన్ల మధ్య వినబడాలని నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెబుతుంది. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ట్రాఫిక్ ఆగితే కథా ఆగుతుంది, పక్క బండివాళ్ళు వింటారని సిగ్గు.

మర్నాడు పొద్దున షాపులో బేరాలు మొదలవకముందే, ఫ్యాన్ల అట్టపెట్టెల ముందు నిలబడి అదే కథ నేను ఫోనుకి చెబుతాను. 'ఒక పుస్తకం చెప్పనా?' అని పేజీ పేరు. మొదటి మాట కూడా రోజూ అదే.

నేను చదవలేనని కాదు. చదవగలను. పేజీ తెరిస్తే కళ్ళు జారిపోతాయి, అంతే. ఆ ఏడాది నుంచి అలా ఉంది. దాని గురించి రాయను. అయినా చదవడం ఒకరు, చెప్పడం ఒకరు అని పని పంచుకుంటే తప్పేముంది? నేను ఏనాడూ వాడని మోటార్లు పదేళ్ళుగా అమ్ముతున్నాను. ఒక్కడూ తిరిగి తీసుకురాలేదు.

బండి ఎడమ అద్దం లూజయింది. మార్కెట్లో ఎవరిదో బుట్ట తగిలి ముడుచుకుపోయింది. బాగుచేయించాలి.

నవంబరు 6, గురువారం

ఒకటి గమనించాను. తెలుగు రచయితలు మహా మంచివాళ్ళు. మెహరాజ్ చెప్పే కథల్లో మధ్యలో ఎంత కష్టం వచ్చినా చివరికి అంతా సర్దుకుంటుంది. జబ్బు చేసినవాళ్ళు లేచి తిరుగుతారు. తప్పిపోయినవాళ్ళు తిరిగొస్తారు. ఇంత హాయిగా ఉంటాయని తెలియక జనం పుస్తకాలు కొనడం లేదు. ఈ మాట మీదే ఒక రీల్ చేయాలి.

నవంబరు 7, శుక్రవారం

ఇవాళ్టి కథ వింటూ మార్కెట్ దగ్గర మలుపు తిరగడం మర్చిపోయాను. సగం దూరం వెళ్ళి వెనక్కి తిప్పాను.

పుస్తకం పేరు 'కరకట్ట కింద'. రాసినాయన బాలశౌరి, దివిసీమ వైపు మనిషి, ఇరిగేషన్లో చేసి రిటైరయ్యాడట. కృష్ణకు వరదొచ్చి కరకట్ట తెగుతుంది. కట్ట కింద గుడిసెలో అమ్మానాన్నా ఇద్దరు పిల్లలు. చిన్నవాడు తల్లి చేతిలోంచి జారిపోతాడు. నీళ్ళు తీశాక తల్లి పొలాల వెంట వాడి కోసం తిరుగుతుంటుంది. ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆఖరికి ఎక్కడో దిగువన, బాతులు మేపుకునేవాళ్ళ మకాంలో, గుడ్లు పెట్టుకునే వెదురుబుట్టలో వాడు నిద్రపోతుంటాడు. చుట్టూ బాతులు. తల్లి రాగానే బాతులన్నీ లేచి అరుస్తాయి, వాడు మాత్రం లేవడు, అంత గాఢనిద్ర. బాతులాయన అంటాడు: "మెల్లిగా అమ్మా, ఇప్పుడే పడుకున్నాడు."

ఈ మాట దగ్గర మెహరాజ్ గొంతు సన్నబడింది. వెనక్కి తిరిగి చూడబోతే, "ముందు చూసి నడపండి" అంది.

ఇంటి దగ్గర దిగాక మరో మాట అంది. "ఈ కథ ఫోన్లో చెప్పకండి."

"ఎందుకు?"

"ఇది మీకు చెప్పాను."

అన్నీ నాకు చెప్పినవేగా.

నవంబరు 9, ఆదివారం

పెట్టేశాను. పెట్టొద్దనడానికి కారణం చెప్పలేదు కదా. బాగుంది కాబట్టే పెట్టాను. నచ్చితే తనే సంతోషిస్తుంది.

నవంబరు 10, సోమవారం

అమ్మో.

నవంబరు 11, మంగళవారం

చేతులు ఒకచోట నిలవడం లేదు. బిల్లు రాస్తూ చూస్తున్నాను, టీ తాగుతూ చూస్తున్నాను. ఏలూరు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియను స్విచ్చిబోర్డులు అడిగితే హోల్డర్లు కట్టిచ్చాను. పేజీకి ఇరవై వేలు దాటారు. ఆ వీడియోని ఎంతమంది చూశారో ఆ అంకె ఇక్కడ రాస్తే దిష్టి తగులుతుంది. "మెల్లిగా అమ్మా, ఇప్పుడే పడుకున్నాడు" అనే మాట జనం స్టేటస్‌లు పెట్టుకుంటున్నారు. ఎవరో బాతుల బొమ్మలు గీసి పంపారు. ఒకావిడ, "అన్నా, మూడేళ్ళ తర్వాత ఇవాళ కడుపునిండా ఏడ్చాను, థ్యాంక్స్" అని రాసింది.

తిరుపతిరావు గారు కూడా మెత్తబడ్డారు. "మా ఆవిడ చూసిందటయ్యా. నువ్వు మా షాపేనని చెప్తే నమ్మట్లా."

మెహరాజ్‌కి స్టాఫ్ రూములో ఎవరో చూపించారట. అంతే చెప్పింది. సాయంత్రం దారి పొడుగునా మాట లేదు.

నవంబరు 13, గురువారం

తలనొప్పి అంది.

నవంబరు 14, శుక్రవారం

తలనొప్పి.

నవంబరు 17, సోమవారం

అర్థమయింది. పేరు నాకొక్కడికే వచ్చిందని బాధ. టీ పెడుతుంటే వెళ్ళి చెప్పాను: "ఇకమీద ప్రతి వీడియో కింద నీ పేరు వేస్తాను. కథ చదివింది మెహరాజ్ అని. సరేనా?"

పాలు పొంగిపోతుంటే కూడా చూడకుండా నా వంక చూసింది. "నా పేరు కోసం అనుకుంటున్నారా మీరు?" అంది.

మరి దేనికోసమో చెప్పదు. ఇంటికొచ్చిన మా అమ్మ ఫక్రున్నీసా కూడా గమనించింది. "ఏంట్రా, ఇల్లు ఇంత మౌనంగా ఉంది?" అంది. పని ఒత్తిడి అన్నాను.

నవంబరు 22, శనివారం

ఇరవై వేలమంది ఎదురు చూస్తున్నారు, చెప్పడానికి కథ లేదు. ఏదో పుస్తకం అట్ట వెనక రాసింది చూసి ఒక వీడియో చేశాను. అట్ట వెనక రాసినవాళ్ళకి కథ చెప్పడం రాదు. "అన్నా, బాతుల్లాంటిది చెప్పు" అని కింద వరసగా అదే మాట. జనం మెల్లగా జారుకుంటున్నారు. నీళ్ళ ట్యాంకుకి ఎక్కడ చిల్లుపడిందో తెలియనట్టుంది నా పరిస్థితి.

బస్టాండు నుంచి ఇంటిదాకా దారి ఇంత పొడవుందని ఇన్నాళ్ళూ తెలియదు.

నవంబరు 30, ఆదివారం

బాలశౌరి గారు ఫోను చేశారు! పబ్లిషరు దగ్గర నంబరు తీసుకున్నారట. ఎప్పటినుంచో కట్టలు విప్పని పుస్తకాలన్నీ అమ్ముడుపోయి, మళ్ళీ అచ్చేస్తున్నారట. జనవరిలో పుస్తకాల పండగలో ఒక సాయంత్రం ఆయన పుస్తకం మీద సభ, నన్ను మాట్లాడమన్నారు. నన్ను! వేదిక మీద!

"ఆ బాతుల సంగతి మనం ఎదురుపడి మాట్లాడుకోవాలి బాబూ" అన్నారు చివర్లో. గొంతు కొంచెం వేరుగా ఉంది. పెద్దాయన కదా, ఉద్వేగం.

మెహరాజ్‌కి చెప్పాను. "వెళ్ళకండి" అంది. మళ్ళీ కారణం లేదు. నాకు కోపం వచ్చింది, అరిచాను. నాకు ఒక్క మంచి జరిగితే ఓర్చుకోలేవా అన్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని, అన్నాను.

డిసెంబరు 8, సోమవారం

కొన్నవాళ్ళు చదవడం మొదలుపెట్టారు.

"అన్నా, బాతులు ఏ పేజీలో ఉన్నాయి?"

"నా కాపీలో బాతుల్లేవు. పేజీలు తక్కువొచ్చాయా?"

"చివరికి పిల్లాడు దొరకడు కదా బ్రో. మీరు వేరే పుస్తకం చదివారా?"

మొదట ప్రెస్సువాళ్ళ తప్పనుకున్నాను. పాత అచ్చు, కొత్త అచ్చు తేడా ఉంటుందని జవాబు కూడా పెట్టాను. ఆ జవాబు పెట్టి ఉండాల్సింది కాదు.

డిసెంబరు 14, ఆదివారం

మెహరాజ్ ఉయ్యూరులో ఎవరిదో పెళ్ళికి వెళ్ళింది. పుస్తకం తనవైపు బల్ల మీదే ఉంది. తీసి కూర్చున్నాను. ఇంతకు ముందులాగే కళ్ళు జారాయి. వేలు పెట్టుకుని, పైకి చదువుతూ, మా స్కూల్లో మాస్టారు చదివించినట్టు చదివాను. మధ్యలో లేచి నీళ్ళు తాగాను, గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ కూర్చున్నాను.

బాతుల్లేవు. బాతులాయన లేడు. వాడు దొరకలేదు. తల్లి వాడి చొక్కా ఉతికి ఆరేసి, మడతపెట్టి, మర్నాడు మళ్ళీ ఉతుకుతుంది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

పుస్తకం మూసి, బల్ల మీద తను పెట్టినచోటే పెట్టాను.

డిసెంబరు 21, ఆదివారం

ఈ వారమంతా ఆమె పాత పుస్తకాలు తీసి చూస్తున్నాను. పూర్తిగా చదవలేకపోయినా చివరి పేజీలు చదవగలిగాను. ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాడని చెప్పిన పెద్దాయన ఆసుపత్రిలోనే పోయాడు. రైలు దిగి వచ్చిందన్న కూతురు రానేలేదు. కొండపల్లిలో బొమ్మలు చెక్కే అన్నదమ్ములు కలిసిపోయారని చెప్పింది. కలవలేదు. అవన్నీ నేను అట్టపెట్టెల ముందు నిలబడి, గుండె మీద చెయ్యేసుకుని, నేనే చదివినట్టు జనానికి చెప్పాను.

మొదట నన్ను వెర్రివాణ్ణి చేసిందని మండిపోయాను. తర్వాత ఎప్పటినుంచి ఇలా చెబుతోందా అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాను. ఎక్కడ ఆగానో రాయాలి. రాయనన్నాను గాని రాస్తాను.

మా బాబు పోయిన ఏడాది దగ్గర ఆగాను. పుట్టి వారం తిరగలేదు. ఏడో రోజు అఖీఖా చేసి పేరు చెబుతారు మాలో. దానికోసం మేకని మాట్లాడి పెట్టాం. వాడు ఏడో రోజుదాకా ఉండలేదు. అనుకున్న పేరు మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. తర్వాత మేమిద్దరం కూడా ఎప్పుడూ అనుకోలేదు.

డిసెంబరు 28, ఆదివారం

బాలశౌరి గారికి నేనే ఫోను చేశాను. "సార్, మీ పుస్తకంలో బాతులు లేవు. నేను చదవకుండా చెప్పాను" అన్నాను.

"ఆ పిల్లోడు మా తమ్ముడయ్యా" అన్నారు. "మా అమ్మ పోయేదాకా ఆ చొక్కా ఉతుకుతానే ఉంది. నువ్వేమో వాణ్ణి దొరికించేశావు, జనం చప్పట్లు కొట్టారు. నీ మీద మండింది నాకు. మండిందా, మళ్ళీ ఆ వీడియో నాలుగైదు సార్లు చూశా. ఎందుకు చూశానో నాకే తెలీదు."

"క్షమించండి సార్."

"ఆ బాతులు ఎవరివి? నువ్వు అల్లినవా?"

"కాదు సార్. మా ఆవిడ చెప్పింది."

"మీకు పిల్లలెంతమంది?"

జవాబు చెప్పలేకపోయాను. ఆయనే, "సరేలే బాబూ, అర్థమయింది" అన్నారు. ఇంకాసేపటికి, "సభకి మాత్రం రావాల. వచ్చి వాడు దొరకలేదని చెప్పు" అన్నారు.

డిసెంబరు 30, మంగళవారం

సాయంత్రం బస్టాండు దాటాక బండి ఇంటివైపు తిప్పలేదు. కాలువ లాకుల దగ్గర గట్టు పక్కన ఆపాను.

"ఏమైంది, పంచరా?" అంది మెహరాజ్.

"కాదు. దిగు. ఇవాళ నేను చెప్తాను."

గట్టు గోడ మీద కూర్చున్నాం. 'కరకట్ట కింద' మొదటినుంచి చెప్పాను. నాకు తనలా చెప్పడం రాదు, మధ్యలో పేర్లు కూడా తప్పాను. చొక్కా దాకా చెప్పి ఆగిపోయాను.

"ఆ పుస్తకం నేను చదివానండీ" అంది.

"తెలుసు. ఒక్కదానివే చదివావు."

అప్పుడు తల వంచుకుని చాలాసేపు చున్నీ అంచు మడతలు పెట్టింది. తర్వాత చెప్పింది. "బాబు పోయిన కొత్తల్లో ఒకసారి ఏదో కథలో ముసలాయన చచ్చిపోయాడని చెప్పాను, గుర్తుందా? మీరు బండి నడిరోడ్డు మీద ఆపేశారు. వెనక లారీవాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. ఆ రోజు నుంచీ నా కథల్లో ఎవర్నీ చావనివ్వలేదు నేను."

"మరి నువ్వు?"

"నాకేం, బస్సులో ఏడ్చేదాన్ని. కిటికీ పక్క సీటు దొరికితే చాలు. కంకిపాడు దాటాక సీసాలో నీళ్ళతో ముఖం కడుక్కుంటే బస్టాండు వచ్చేసరికి మామూలుగా ఉండేది."

పుస్తకాల్లో ఉన్న చావులన్నీ తను ఒక్కతే మోసుకుంటూ, మిగిలింది నా చెవిలో పోసింది. నేను దాన్ని తీసుకుపోయి లైకులకి అమ్ముకున్నాను. అంత నొప్పి నాకు బాబు పోయినప్పుడు కూడా కలగలేదేమో. అప్పుడు కలగనివ్వలేదు నేను, అది నిజం.

"ఆ ఒక్క కథ పెట్టొద్దన్నాను కదా" అంది. "మిగతావన్నీ పెట్టుకున్నారు, నేనేమన్నా అన్నానా? ఆ బుట్టలో పడుకుంది మన అఫ్రాజ్ అండీ. వాణ్ణి తీసుకెళ్ళి ఊరందరికీ చూపించారు మీరు."

వాడు పోయాక ఆ పేరు వినడం అదే మొదటిసారి. కాలువ అవతల బస్సులు పోతున్నాయి. నేను ఏడ్చాను. తను కూడా ఏడ్చింది, ఈసారి సీసా తీయలేదు. దారినపోయేవాళ్ళు చూస్తే చూశారు.

జనవరి 4, ఆదివారం

సభకి వెళ్ళాను. వాడు దొరకలేదని చెప్పాను. బాతులు పుస్తకంలో లేవని, పుస్తకం నేను చదవకుండానే చెప్పానని చెప్పాను. బాతులు ఎవరివో అడిగారు. చెప్పలేదు, అది మా ఇంటి సంగతి. చప్పట్లు పెద్దగా పడలేదు. బాలశౌరి గారు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, మెహరాజ్ కూర్చున్న చోటు చూసి ఆవిడకి నమస్కారం పెట్టారు.

ఆ వీడియో అంతకు ముందే తీసేశాను. పోయేవాళ్ళు పోతున్నారు. పొద్దున్నుంచి చూడలేదని రాద్దామనుకున్నాను. రెండుసార్లు చూశాను.

జనవరి 5, సోమవారం

సాయంత్రం బస్టాండుకు వెళ్ళేముందు ఎడమ అద్దం బిగించాను. రోడ్డు వైపు కాదు, వెనక సీటు వైపు తిప్పి బిగించాను.

మెహరాజ్ ఎక్కి కూర్చుని అద్దం చూసింది. కృష్ణలంక వైపు నుంచి గాలి చల్లగా వస్తోంది. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగి, "కొత్తది మొదలుపెట్టాను. చిన్న కథే, ఇవాళే అయిపోయింది. చెప్పనా?" అంది.

"ఉన్నదున్నట్టు చెప్తావా?"

"చెప్తాను. బండి ఆపకండి మరి."

చెప్పింది. మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఆపలేదు, పక్క ఆటోవాడు కూడా విన్నాడు. చివరికి ఆ మనిషి పోయాడు. అద్దంలో తన ముఖం చూస్తూనే ఉన్నాను. బండి ఆపలేదు. ఇంటిదాకా వచ్చాం.